లైటున్న బండి

ట్రాలీ ఆటో ఇంకా ఆగకముందే దీపకు గుండెలో రాయి పడింది. తాళ్లతో కట్టి నిలబెట్టిన ఆ మోటార్‌సైకిల్‌కు హెడ్‌లైటు ఉంది. హారన్ ఉంది. ఇండికేటర్లు నాలుగున్నాయి. పక్కన స్టాండు కూడా ఉంది.

వరంగల్ చౌరస్తా దగ్గర బోరు మోటార్లు, పైపులు అమ్మే హరికృష్ణకు దీప ఒక్కతే కూతురు. ఇరవై మూడేళ్లు. హైదరాబాద్‌లో చదివేటప్పుడు మోటోక్రాస్ నేర్చుకుంది. మట్టి ట్రాక్ మీద, దిబ్బల పైనుంచి బండితో దూకుతూ తిరిగే పందెం అది. ఇంతవరకూ పాల్గొన్న రెండు పోటీల్లోనూ అరువు బండ్లే నడిపింది. సొంత బండి కావాలని ఏడాది పోరితే తండ్రి సరేనన్నాడు. ఏ మోడలో కాగితం మీద రాసి కూడా ఇచ్చింది.

"డాడీ, నేను రాసిచ్చింది ఇది కాదు."

"అదే కంపెనీ గదా బిడ్డా. అదీ టూ స్ట్రోకే, ఇదీ టూ స్ట్రోకే. అమ్మెటాయన రెండు బండ్లు చూపెట్టిండు. దానికి లైటు లేదు, స్టాండు లేదు, మీటరు లేదు. అదేం బండి? దీనికి అన్నీ ఉన్నయ్."

"అవన్నీ ఉన్నయి కాబట్టే ఇది ఎండ్యూరో అయింది. అడవులల్ల, గుట్టల మీద పొద్దంతా తిరిగెటోళ్లు నడుపుతరు. నేను ఏటూరునాగారం అడవిలకు పోతాన్నా?"

"పోవాల్ననిపిస్తే పోవచ్చు గదా," అన్నాడు హరికృష్ణ, ఎంతో ముందుచూపుతో చెప్పినట్టు.

అమ్మినతను వాపసు తీసుకోనన్నాడు. రెండోసారి ఫోన్ చేస్తే ఎత్తనేలేదు. దీప పేరిచ్చిన పోటీకి ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది.

ఆ సాయంత్రమే దీప బండిని హనుమకొండలో యాకయ్య షెడ్డుకు తీసుకుపోయింది. యాకయ్యకు అరవై దాటాయి. టూ స్ట్రోక్ ఇంజను దగ్గును బట్టి రోగం చెప్పగల మనిషి. బండిని సందు చివరిదాకా నడిపి వచ్చి, దిగి, సీటు మీద చెయ్యి వేసి రెండుసార్లు కిందికి నొక్కి చూశాడు.

"బండి మంచిదే బిడ్డా. నీ పనికి పుట్టింది కాదు, గంతే. స్ప్రింగులు మెత్తగున్నయ్. రాళ్ల మీద నడుము పోకుంట అట్ల జేసిన్రు. నువ్వు దిబ్బ మీదికెల్లి దుంకితే అడుగుకు కొడ్తది. గేర్లు గూడ దూరం దూరం. సెకండ్ల మొత్తుకుంటది, థర్డ్ ఎయ్యంగనే సల్లబడ్తది."

"ఏం చెయ్యొచ్చు కాకా?"

"గేర్లను ఏం జెయ్యలేం. బరువు దించుదాం. స్ప్రింగులు జర బిగిద్దాం."

గట్టి స్ప్రింగులు బెంగుళూరు నుంచి రావడానికి నెల పడుతుందన్నారు. యాకయ్య ముందు బరువు మీద పడ్డాడు. లైటు ఊడదీశాడు. హరికృష్ణ రోజూ దుకాణం పనివాళ్లకు అప్పజెప్పి వచ్చి, ఊడిన ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని "ఇది మంచిగనే ఉండె గదా" అనేవాడు. హారన్ దగ్గర అన్నాడు. మీటరు దగ్గర అన్నాడు. మూడో రోజు దీప వచ్చేసరికి ఊడదీసిన స్టాండు మళ్లీ బండికి ఉంది.

"గోడకు ఆనిస్తే పడ్డది బిడ్డా. అందుకే బిగిపించిన."

"డాడీ, మలుపుల బండి వంగినప్పుడు అది నేలకు తాకితే నేను పడ్త. అసలు అది ఉంటే ట్రాక్ మీదికే రానియ్యరు."

"అవునా? చెప్పాలె గదా మరి."

చెప్పింది. రెండుసార్లు. స్పానర్ తీసుకుని స్టాండు మళ్లీ విప్పింది.

ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాల్లో, స్ప్రింగుల మీద ఏదైనా బిళ్లలాంటిది పెట్టి నొక్కాలని యాకయ్య వెతుకుతుంటే, హరికృష్ణ వంగి చూశాడు. వేలు పెట్టి లావు చూసుకున్నాడు. అరగంటలో దుకాణం నుంచి రెండు పైపు ముక్కలు కోయించి తెచ్చాడు. గొట్టంలో సరిగ్గా ఇమిడాయి. రెండింటికీ వెంట్రుకవాసి తేడా లేదు. యాకయ్య వాటిని పక్కపక్కన పెట్టి చూసి తలూపాడు. దీప మంచి మాట ఒకటి చెప్పబోయింది. అంతలోనే తండ్రి, "ఇగ లైటొక్కటన్న మల్ల పెడ్దమా?" అన్నాడు.

పోటీ రోజు పొద్దున ములుగు రోడ్డు అవతలి మైదానంలో వాన వెలిసి ఉంది. దీప ప్రాక్టీసుకు దిగి రెండో చుట్టులో ఉండగా, తాడు దగ్గర నిలబడ్డ యాకయ్య ఉన్నట్టుండి చేతులూపుతూ ట్రాక్ వైపు ఉరికాడు.

"ఆపు బిడ్డా! బంజెయ్! పొగ వస్తలేదు!"

దీప ఇంజను ఆపేసింది. టూ స్ట్రోక్ బండికి పెట్రోలులోనే నూనె కలపాలి. పొగ రావడం లేదంటే లోపలికి నూనె పోవడం లేదన్నమాట. ఇంకో చుట్టు తిరిగితే ఇంజను పట్టేసేది. ఇద్దరూ హరికృష్ణ వైపు చూశారు.

"ట్యాంకు ఖాళీగుండె," అన్నాడాయన. "వచ్చేటప్పుడు బంకుల ఫుల్లు కొట్టించిన."

ట్యాంకు అడుగున నూనె కలిపిన పాత పెట్రోలు కాస్త మిగిలి ఉండబట్టి ఇంజను బతికింది. యాకయ్య ప్లగ్గు విప్పి, టార్చి వేసి పిస్టన్ చూసి, గీతలు పడలేదని చెప్పాకగానీ దీపకు ఊపిరాడలేదు. ఊపిరి ఆడాక కోపం వచ్చింది.

"నేను ఏది చెప్పినా తలూపుతవు డాడీ. మల్ల నీకు తోచిందే జేస్తవు. పోనీ పగతోటి జేస్తవా అంటే, అదీ కాదు. ప్రేమతోటి జేస్తవు. నేను ఎవరితోని కొట్లాడాలె? ఇయ్యాల ఇగ నువ్వు ఏదీ ముట్టకు. దండం పెడ్త."

హరికృష్ణ పోయి తాడు దగ్గర నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

పందెంలో పదకొండు మంది. ఆరు చుట్లు. దీప తొమ్మిదో స్థానంలో బయలుదేరింది. పెద్ద దిబ్బ మీంచి మొదటిసారి దూకినప్పుడు బండి అడుగంటేలా కుంగి, ఆ దెబ్బ పళ్లదాకా పాకింది. పైపు ముక్కలు లేకుంటే హ్యాండిల్ చేతిలోంచి ఊడేదే. తర్వాతి చుట్టు నుంచి ఎగరడం తగ్గించింది. అక్కడ పోగొట్టుకున్నదంతా వెనక మలుపు బురదలో దొరికింది. అసలైన మోటోక్రాస్ బండ్లు అక్కడ చక్రాలు గిర్రున తిప్పుతూ కూరుకుపోతుంటే, ఈ ఎండ్యూరో బురదలో నడిచే దున్నలా నిదానంగా లాక్కుపోయింది. దాటింది ఒకరిని. దాటింది ఇంకో నలుగుర్ని. అయిదో చుట్టు ముగిసేసరికి నాలుగో స్థానంలో ఉంది.

చివరి చుట్టు, చివరి తిన్నని దారి. సెకండ్‌లో ఇంజను గొంతు చించుకుంటోంది. థర్డ్ వేసింది. బండి ఒక్కసారిగా నీరుగారిపోయింది. అది మళ్లీ ఊపందుకునేలోపు వెనక ఉన్నతను ఆమె పక్కనుంచి దూసుకుపోయాడు.

అయిదో స్థానం.

దీప హెల్మెట్ తీసి గడ్డిలోకి విసిరింది. యాకయ్య "అయిదంటే తక్కువనా బిడ్డా, ఈ బండి తోటి" అంటున్నా వినిపించుకోలేదు. తండ్రి మెల్లగా వచ్చాడు. చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.

"ఒకటి అడగనా?"

"ఏంది?"

"ఆఖర్ల బండి ఎందుకు సల్లబడ్డది?"

దీప ఆయన ముఖంలోకి చూసింది. ఏడాదిగా పోటీల గురించి ఎంత చెప్పినా, ఎందుకు అని ఆయన అడగడం ఇదే మొదటిసారి. సెకండ్‌కూ థర్డ్‌కూ మధ్య ఉన్న దూరం గురించి చెప్పింది. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు.

"అంటే చిన్న మోటరుకు పెద్ద పైపు బిగిచ్చినట్టు."

"కాదు డాడీ."

"మల్ల? నీళ్లు పైకి ఎక్కయి గదా అప్పుడు?"

"నీళ్లు లేవు ఇండ్ల!"

దీప నిట్టూర్చి, తడి నేల మీదే కూలబడింది. పుల్ల ఒకటి తీసుకుని మట్టిలో రెండు గేరు చక్రాలు గీసింది. హరికృష్ణ తెల్ల ప్యాంటు సంగతి మరిచి పక్కనే కూర్చున్నాడు. రెండో చక్రానికి పళ్లు గీస్తుండగానే "ఆఁ, సమజైంది" అన్నాడు.

"కాలేదు. జర పూర్తిగ విను."

అవతల యాకయ్య బండిని ఆటోలో కట్టేసి, ఎక్కి కూర్చుని, పోదామా అని రెండుసార్లు కేకేశాడు. దీప చెయ్యి ఎత్తి ఆగమని చూపించి, గీసినదంతా అరచేత్తో చెరిపి మళ్లీ మొదటి గేరు నుంచి మొదలుపెట్టింది.