పసుపు చొక్కా, ఏడో నంబరు

స్రవంతి మేడం సంచిలో తెచ్చిన చొక్కాలు పన్నెండు. పదకొండు నీలం, ఒకటి పసుపు. ముందూ వెనకా నంబర్లు కుట్టి శుక్రవారానికి ఇవ్వమని చెప్పి, బెల్లు కొట్టే వేళైందని స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. మేడం మా హైస్కూల్లో ఆటల టీచరు. ఆడపిల్లల వాలీబాల్ జట్టును తయారు చేసింది ఆమే. తొమ్మిదో తరగతి చదివే మా కోమలి అందులో ఆడుతుంది.

వడమాలపేట బస్టాండు పక్క సందులో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. పదహారేళ్ళుగా కుడుతున్నాను కాబట్టి, గుడ్డను చూస్తే దాని సంగతంతా తెలిసిపోతుందని నాకొక పొగరు. పసుపు చొక్కా చూడగానే నీలం గుడ్డ చాలకపోయి ఉంటుంది, మిగిలినదాంతో ఒకటి కుట్టి అంటగట్టారు అనుకున్నాను. ఎవరి పిల్ల పాలబడుతుందో పాపం అని కూడా అనుకుని, దాని మీద ఏడో నంబరు కుట్టాను. జాలితో ఆ ఒక్కదానికి రెండు వరసల కుట్టు వేశాను.

సోమవారం సాయంత్రం పుత్తూరు పిల్లలతో మా బడి గ్రౌండులో ఆట పెట్టారు. షాపు మూసి వెళ్ళాను. పసుపు చొక్కా మా కోమలి ఒంటి మీద ఉంది.

ఆట గురించి నాకు తెలిసిందల్లా రెండేళ్ళుగా కోమలి అన్నం తింటూ చెప్పిన పాఠమే. లోపల ఆరుగురు ఉంటారు, ముందు ముగ్గురు, వెనక ముగ్గురు. బంతి నేల తాకకూడదు. అవతలికి పంపేలోగా మూడుసార్లు తాకవచ్చు. మొదటిది అందుకోవడం. రెండోది కొట్టేవాళ్ళకు అందేటట్టు పైకి లేపడం, దాన్ని లిఫ్ట్ అంటారు. మూడోది నెట్ దగ్గర ఎగిరి కొట్టడం, అదే స్మాష్. దానికి అడ్డంగా అవతలివాళ్ళు చేతులు లేపితే అది బ్లాక్. సర్వీస్ చేసే వంతు అవతలి జట్టు నుంచి మన జట్టుకు తిరిగి వచ్చినప్పుడల్లా ఆరుగురూ ఒక్కో చోటు జరుగుతారు. అది రొటేషన్. వెనక ఉన్నవాళ్ళు తిరుగుతూ ముందుకు వస్తారు, ముందున్నవాళ్ళు వెనక్కి పోతారు. ఈ రొటేషన్ సంగతి విన్నప్పుడు, ఎంత న్యాయమైన ఆట అనుకున్నాను నేను.

ఆ రోజు చూస్తే కోమలి వెనక వరసలోనే ఉంది. తిరిగి తిరిగి ముందుకు వచ్చే సమయానికి, బయట నిలబడిన పొడుగుపిల్ల పల్లవి లోపలికి వెళ్ళింది, కోమలి బయటికి వచ్చేసింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు అదే జరిగింది. అందరూ సర్వీస్ చేశారు, కోమలి చేతికి మాత్రం బంతి ఇవ్వలేదు. ఒకసారి నెట్ దాకా పరుగెత్తితే, వెనక్కి రమ్మని మేడమే కేక వేసింది.

వేరే రంగు గుడ్డ, వెనక వరస, ముందుకు వచ్చే వేళకు బయటికి. ఇంకేం చూడాలి? చెప్పులు వేసుకుని వచ్చేశాను.

నాకు కోపం నెమ్మదిగా వస్తుంది, నెమ్మదిగానే పోతుంది. అందుకే అది ఎక్కువ కాలం ఉంటుంది. మాది ఊరి చివర పేట. చర్చికి పోతున్నా మా కులం ఏదో ఊరికి గుర్తే. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, నేను పుట్టిన ఊళ్ళో, బడి వార్షికోత్సవానికి కోలాటం నేర్పించారు. పన్నెండు మంది ఆడపిల్లలం. పదకొండు మందికి కొత్త ఎర్ర రిబ్బన్లు ఇచ్చారు. నా దగ్గరకు వచ్చేసరికి రిబ్బన్లు చాల్లేదు, నువ్వు వెనక నిలబడు, కనబడదులే అన్నారు. ఎంతో తియ్యగా చెప్పారు. నేను నమ్మాను. కోలాటం అయ్యాక కోలలు లోపల పెట్టడానికి వెళితే, బీరువాలో ఎర్ర రిబ్బను చుట్ట ఒకటి విప్పకుండా ఉంది. కులం అనే మాట ఎవరూ నోటితో అనలేదు. ఇంటికి వెళ్ళి చెబితే మా నాయన విననట్టే ఉండిపోయాడు. రిబ్బను కన్నా ఆయన అలా ఉండిపోవడమే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

ఇంటికి వచ్చిన కోమలిని నీకొక్కదానికే పసుపు ఎందుకని అడిగాను.

"నేను లిబెరో మా. వెనక కాసుకునేదాన్ని. లిబెరోకి రంగు యేరేగా ఉండాల," అంది చెమట తుడుచుకుంటూ.

"పేరు బాగుండాది," అన్నాను. దానికి నా మాటలోని ఎత్తిపొడుపు తెలియలేదు. నా గుండీలు నేల మీద పేర్చి ఏదో వివరించబోయింది. నేను వినలేదు. పిల్ల సంతోషంగా ఉండడమే నన్ను భయపెట్టింది. నేనూ కోలాటం అయ్యేవరకు సంతోషంగానే ఉన్నాను.

మా ఆయన జయరావు సూళ్లూరుపేట దగ్గర కంపెనీలో పని చేస్తాడు, ఆదివారాలు ఇంటికి వస్తాడు. ఆయనతో ఫోనులో చెబితే, మేడంని ఒక మాట అడిగి చూడమన్నాడు. అడిగితే తియ్యగా చెబుతారని ఆయన మాట కొట్టిపారేశాను. వచ్చే బుధవారం శ్రీకాళహస్తిలో పెద్ద ఆట ఉంది. జిల్లా జట్టుకు పిల్లలను ఎంచుకునేవాళ్ళు వచ్చి చూస్తారు. ఎంపికైతే తిరుపతిలో హాస్టలు, చదువు, ఆట అన్నీ వాళ్ళే చూసుకుంటారు. కోమలి ఆ రోజు కోసం ఏడాదిగా పొద్దున్నే లేచి పరుగెత్తుతోంది. అంతమంది ముందు నా బిడ్డ వేరే గుడ్డలో నిలబడకూడదని తీర్మానించుకున్నాను. పుత్తూరుకు వెళ్ళి అదే నీలం, అదే సాగే గుడ్డ వెతికి తెచ్చాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి కుట్టి, తెల్ల గుడ్డతో ఏడో నంబరు వేశాను. మిగతా పదకొండింటి పక్కన పెడితే తేడా ఎవరూ చెప్పలేరు. బుధవారం పొద్దున కోమలి జడ వేసుకుంటుండగా బ్యాగులోంచి పసుపు చొక్కా తీసి నీలంది పెట్టాను. పసుపుది షాపు అలమారాలో దాచి తాళం వేశాను.

పిల్లలు వ్యానులో వెళ్ళారు. నేను తిరుపతిలో బస్సు మారి వెళ్ళేసరికి ఆట మొదలు కాబోతోంది. కంచె పక్కన నిలబడి వెతికాను. మా పిల్లలందరూ నీలం, అందులో కోమలి కూడా నీలం. వెంటనే గుర్తుపట్టలేకపోయాను, అంతగా కలిసిపోయింది. నాకు కడుపు నిండిపోయింది.

ఈల మోగింది. ఆరుగురు లోపలికి వెళ్ళారు. కోమలి బెంచీ మీదే ఉంది.

శ్రీకాళహస్తి పిల్లల సర్వీస్ బలంగా వస్తోంది. మా వెనక వరసలో బంతులు ఒకదాని తర్వాత ఒకటి నేల తాకుతున్నాయి. ఆట సగమైనా కోమలిని లోపలికి పిలవలేదు. అది అడగనూ లేదు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. మొదటి సెట్ ఇరవై ఐదుకు పదహారుతో పోయింది. ఇక నేను ఆగలేక కంచె దాటి లోపలికి వెళ్ళాను.

నన్ను చూడగానే మేడం, పసుపు చొక్కా తెచ్చావా ప్రసన్నక్కా అని ఆశగా అడిగింది. బ్యాగు సర్దేటప్పుడు ఏదో పొరపాటు జరిగిందని అనుకుంటోంది. నీలం చొక్కాలో కోమలిని ఆడించడానికి అంపైర్ ఒప్పుకోలేదట. కోమలిని లిబెరోగానే పేర్ల పట్టీలో రాశారు. లిబెరో వెనక వరసలో మాత్రమే ఆడాలి. సర్వీస్ చేయకూడదు, నెట్ దగ్గర ఎగిరి కొట్టకూడదు, బ్లాక్ చేయకూడదు. అవతలినుంచి వచ్చే కష్టమైన బంతిని నేల తాకకుండా తీసి లిఫ్ట్ చేసేవాళ్ళకు అందించడమే పని. ఆ పని కోసం, ఎవరినీ అడగకుండా, ఆట మధ్యలో లోపలికి పోవచ్చు, రావచ్చు. జట్టులో అట్లాంటి హక్కు ఇంకెవరికీ లేదు. అంపైర్ దూరం నుంచి గుర్తుపట్టాలి కాబట్టి రంగు వేరుగా ఉండాలి. ఇదంతా మేడం గబగబా చెప్పింది.

నేను నమ్మే లోపలే నా కళ్ళు అవతలి బెంచీ మీదికి పోయాయి. శ్రీకాళహస్తి జట్టు మొత్తం ఎరుపు, ఒక పిల్ల మాత్రం తెలుపు. నీళ్ళు తాగుతూ పక్కపిల్లతో నవ్వుతోంది. పుత్తూరు జట్టులోనూ అలాంటి పిల్ల ఒకతె ఉండే ఉంటుంది. ఆ రోజు నేను అవతలి వైపు చూడనే లేదు.

ఆ నీలం చొక్కా నేనే కుట్టానని చెప్పాను. మేడం చొక్కా మీది నంబరు చూసింది, నా ముఖం చూసింది. ఎందుకని అడగలేదు. ఆమెకు అర్థమైంది.

"తప్పు నాదిక్కా. పిల్లకు సెప్తే సాలనుకున్నా. నీకూ సెప్పుండాల్సింది," అంది.

కోమలి మాత్రం వదలలేదు. లేచి నా దగ్గరకు వచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"నువ్వనుకున్నట్టు ఐతే, ఆ సొక్కా నేను ఒంటి మీద ఏసుకుంటానా మా? మొదటి దినమే ఇసిరేసొచ్చుండనా?"

నా కూతురికి అన్నీ తెలుసు. నేను చెప్పకుండా దాచిన పాత సంగతులు కూడా ఏదో ఒక దారిన దానికి చేరినట్టున్నాయి. నేను ఏడో తరగతిలో అడగలేకపోయిన మాటను ఇది అడిగి ఉండేది. అది నాకు తట్టనే లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను, లోపల మాత్రం గర్వం పొంగింది.

పేరు ముందే రాసుంది కనుక, వేరే రంగు చొక్కాతో వస్తే ఆడనిస్తానని అంపైర్ అన్నాడట. కోమలి ట్రాక్ కోటు వేసుకుని నీలం చొక్కా కొలతకని నా చేతికిచ్చింది. గేటు బయటికి పరుగెత్తాను. రెడీమేడ్ అంగట్లో పసుపు టీషర్టు దొరికింది, కోమలికి ఒక సైజు పెద్దది. నాలుగు అంగళ్ళ అవతల వరలక్ష్మమ్మ అనే ఆమె జాకెట్లు కుడుతోంది. విషయం రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె తన పనిలోంచి లేచి మిషను నాకు వదిలింది. నంబరుకు గుడ్డ కావాలి. నా దగ్గర ఉన్నది నీలం చొక్కా ఒక్కటే.

కొత్త చొక్కా కదమ్మా, కోసేస్తున్నావేమని వరలక్ష్మమ్మ నొచ్చుకుంది. అంత ముద్దుగా కుట్టిన దాన్ని రెండు ఏడు అంకెలుగా కత్తిరించాను. టీషర్టు పక్కలు రెండూ లోపలికి పట్టి కుట్టి, అంకెలు ముందొకటి వెనకొకటి వేశాను.

నేను వచ్చేసరికి రెండో సెట్‌లో తొమ్మిదికి పన్నెండుతో వెనకబడి ఉన్నాం. కోమలి చొక్కా తగిలించుకుని, ఎవరినీ అడగకుండా, వెనక వరసలోని ఒక పిల్లను బయటికి పంపి గీత దాటి లోపలికి వెళ్ళింది.

తర్వాతి సర్వీస్ నేరుగా దాని మీదికే వచ్చింది. మోకాళ్ళు వంచి రెండు చేతులు జోడించి బంతిని అందుకుంది. బంతి మెత్తగా లేచి లిఫ్ట్ చేసే పిల్ల నెత్తి మీదికి పోయింది, పల్లవి ఎగిరి కొట్టింది. ఆ పాయింట్‌కు చప్పట్లు పల్లవికి పడ్డాయి. కానీ లోపలున్న మిగతా ఐదుగురూ మాత్రం ముందు కోమలి చేతినే తట్టారు. మేడం ఆ రోజు వెనక్కి రమ్మని ఎందుకు కేక వేసిందో అప్పుడు తెలిసింది. ఇది అక్కడ లేకపోతే ముందున్నవాళ్ళకు కొట్టడానికి బంతే ఉండదు.

ఆ సెట్ గెలిచాం. మూడోది పదిహేనుకు పదమూడుతో పోయింది. చివరి బంతికి కోమలి స్కోరు రాసే బల్ల దాకా పరుగెత్తి నేల మీద పడి ఒంటిచేత్తో లేపింది, అవతలికి పంపేవాళ్ళే అందుకోలేకపోయారు. మోచేయి గీసుకుపోయింది. వ్యాను ఎక్కేముందు జిల్లా జట్టు పేర్లు చదివారు. మా బడి నుంచి రెండే పేర్లు, పల్లవి, కోమలి. దుమ్ము కొట్టుకున్న పసుపు చొక్కాను పట్టుకుని అందరి ముందూ ఏడ్చేశాను, కోమలికి నా వల్ల తలవంపులయ్యాయి.

పది రోజులకు స్రవంతి మేడం ఫోను చేసింది. జిల్లా జట్టు చొక్కాలు నన్నే కుట్టమంది. జట్టుది ఆకుపచ్చ.

"కోమలికి ఏ రంగైనా సరే, ఆకుపచ్చ కాకుంటే సాలు. నువ్వే ఏరుకోక్కా," అంది.

పుత్తూరు అంగట్లో అరగంట నిలబడ్డాను. గ్రౌండులో ఏ మూల నుంచి చూసినా ముందు నా బిడ్డే కనబడాలి. చివరికి ఎర్ర గుడ్డ తానును బల్ల మీద పరిపించాను. ఒక్క చొక్కాకు మీటరుంబావు చాలునమ్మా, ఎక్కువ తీసుకుంటే వేస్టు అన్నాడు అంగడతను.

"మిగిలేటట్టే కొయ్యప్పా," అన్నాను.