పాలు పీల్చిన మ్యాట్

నేను ఒక మ్యాట్‌ని. చాప అంటే మావాళ్లకు కోపం. చాప మీద పడుకుంటారట, మ్యాట్ మీద సాధన చేస్తారట. ముక్కు మండే వాసనల మధ్య ఒక కర్మాగారంలో కాగిన రబ్బరు ముద్దగా పుట్టాను. నన్ను కోసిన మనిషి పొద్దస్తమానం నడుం వంచి కోసేవాడు. అతని నడుం నొప్పికి ఏ ఆసనమూ ఎవరూ చెప్పలేదు. చివరికి నా మీద ఆకు బొమ్మొకటి అతికించి, ప్రకృతి వరమని పేరు పెట్టి పంపించారు.

చేరింది భీమిలి దగ్గర కొండ మీది యోగా కేంద్రానికి. అక్కడ నెల్లాళ్లలో మామూలు మనుషుల్ని యోగా టీచర్లుగా తయారు చేస్తారు. తెల్లారకముందే గంట కొడతారు. ఖాళీ కడుపుతో ఆసనాలు, ఉప్పునీళ్లు గొంతుదాకా తాగి కక్కడం, మధ్యాహ్నం ఎముకల పేర్లు, సాయంత్రం యోగ సూత్రాలు. నన్ను దమయంతికి ఇచ్చారు.

దమయంతిది రాజాం. పదో తరగతితో చదువు ఆగిపోయిన పిల్ల. పెనిమిటి పనిచేసే మిల్లు మూతపడింది. వాళ్ల వీధి చివర ప్రైవేటు బడిలో యోగా టీచరు కావాలన్నారు. బడులు తెరిచేలోగా సర్టిఫికెట్ తెస్తే ఆ పని నీదేనన్నారు. ఎముకల పేర్లు ఇంగ్లీషులో నోరు తిరగక, రాత్రి దుప్పట్లో కూడా గొణుక్కునేది.

చేరిన రోజు మాతాజీ అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగింది. మాతాజీ అంటే ఆ కేంద్రానికి పెద్ద.

"పాలు తాగే బిడ్డ ఉందా తల్లీ? ఉంటే ఇప్పుడు వద్దు. ఈ ఉపవాసాలూ క్రియలూ బాలింతలకు మంచివి కావు."

"లేదమ్మా" అంది దమయంతి. ఇంట్లో అత్త ఒడిలో, ఇంకా పళ్లు రాని కూతురుంది.

ఆ అబద్ధం మొదట తెలిసింది నాకే. భుజంగాసనానికి బోర్లా పడుకున్న తొలి పూటే నా మీద రెండు తడి మచ్చలు. ధనురాసనంలో ఊగితే ఇంకా ఎక్కువ. చెమట నాకు కొత్త కాదు, నన్ను కోసినవాడిది ఎరుగుదును. ఇది వెచ్చగా, తియ్యగా ఉంది. మధ్యాహ్నానికి పులిసిపోయేది. పక్క మ్యాట్ హారికది. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం విసుగొచ్చి మనశ్శాంతికి వచ్చింది.

"దమయంతీ, ఏమనుకోకు. నీ మ్యాట్ పాడైన పెరుగులా కంపు కొడుతోంది."

"చెమటండి" అని నన్ను తనవైపు లాక్కునేది.

ఒకరోజు అంట్లు తోమే చోట నన్ను సబ్బేసి రుద్దుతుంటే వంటావిడ సన్యాసమ్మ చూసింది. చూపు నా మీద కాదు, తడిసిన జాకెట్టు మీద నిలిచింది.

"ఏటే పిల్లా, సంటిగుంట ఉందేటి నీకు?"

దమయంతి బావురుమంది. "సెప్పకత్తా, నీ కాళ్లకి దణ్ణమెడతాను. మొన్న ఫోన్లో దాని ఏడుపినిపించింది. అప్పట్నుంచి మరీ ఎక్కువైపోనాది."

"నానెందుకు సెప్తానే! గుండెలకి మల్లెపూలు కట్టుకో, పాలెండిపోతాయి."

"ఎండిపోతే నానెల్లేసరికి దానికేటుంటాది?"

సన్యాసమ్మ చుట్టూ చూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఈళ్లు నిజం సెప్పమనే రోజొకటొస్తాది. ఆ రోజు మాత్రం నోరు కుట్టేసుకో."

ఆ రోజు చివరి వారంలో వచ్చింది. సత్యం పాఠం. అందరూ గుండ్రంగా మ్యాట్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నారు. ఒక్కొక్కరూ దాచుకున్న నిజమొకటి బయటపెట్టాలి.

"ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది. తీర్పులుండవు" అంది మాతాజీ.

హారిక బ్యాగులో చాక్లెట్లు దాచుకున్నానంది. అందరూ నవ్వారు. ఇంకొకాయన శవాసనంలో రోజూ నిద్రపోతున్నానన్నాడు. చప్పట్లు. ఇలాంటి నిజాలకే ఆ గది అలవాటు పడింది. ఆ సంగతి దమయంతికి తెలియదు. ఆమె దాన్ని పరీక్ష అనుకుంది. ఇక్కడే అబద్ధమాడితే రేపు పిల్లలకు సత్యం ఏ మొహంతో చెబుతానని భయపడింది. ఆమె వంతు దగ్గరపడుతుంటే, చాక్లెట్టో నిద్రో ఏదో ఒకటి చెప్పెయ్యవే తల్లీ అని లోలోపల మొత్తుకున్నాను. రబ్బరు మొర ఎవరికి వినపడుతుంది?

"నాకు పాలు తాగే పాపుందమ్మా. అబద్ధం సెప్పి సేరాను."

మరుక్షణం మాతాజీ లేచి వచ్చి ఆమెను కౌగిలించుకుంది. "ఎంత ధైర్యం తల్లీ!" అందరికంటే పెద్ద చప్పట్లు దమయంతికే. హారిక కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం మాతాజీ పిలిచి, సామాను సర్దుకోమంది.

"తీర్పులుండవన్నారు కదమ్మా?"

"ఇది తీర్పు కాదమ్మా, కరుణ. నీ ఒంటి కోసమే చెబుతున్నాను. బిడ్డ పెద్దదయ్యాక రా."

"బడి తెరిచేస్తారమ్మా. ఆ పని మరొకరికి ఇచ్చేస్తారు."

"ఫలం మీద మనసు పెట్టకు" అంది మాతాజీ, చిరునవ్వుతో.

మర్నాడు దమయంతి నన్ను శుభ్రంగా తుడిచి, చుట్టి, గోడకు ఆనించి వెళ్లింది. నేను కేంద్రం సొత్తును కదా. వంటగది గుమ్మంలో సన్యాసమ్మ "ఎర్రి గుంట, ఎర్రి గుంట" అంటూ ముక్కు చీదుకుంది. చప్పట్లు కొట్టినవాళ్లు ఆ వేళకు ధ్యానంలో ఉన్నారు.

ఆ వాసన నన్ను వదల్లేదు. ఎండేశారు, నిమ్మచెక్కలు రుద్దారు. చివరికి సగానికి కోసి హాలు గుమ్మంలో కాళ్లు తుడుచుకోవడానికి వేశారు.

జట్లు వస్తున్నాయి, పోతున్నాయి. మొన్న సత్యం పాఠానికి వస్తూ ఒకామె నా మీద ఆగింది. చున్నీ రెండు మడతలు వేసి గుండెల మీదికి లాక్కుంది. అయినా ఒక చుక్క జారి నా మీద పడింది. వెచ్చగా, తియ్యగా. ఆమె కాలితో దాన్ని రుద్దేసి లోపలికి వెళ్లింది.

తన వంతు వచ్చినప్పుడు, దొంగచాటుగా కాఫీ తాగానని చెప్పింది. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. నిన్న సర్టిఫికెట్ పుచ్చుకుని, నా మీదుగానే నడిచి వెళ్లింది.

మంచి టీచరవుతుంది.