మళ్ళీ నిలబడతావా అని ఎవరూ అడగలేదు

మగవాడు ఓడిపోతే మెడలో దండ వేస్తారు. ఆడది ఓడిపోతే చేతికి గరిటె ఇచ్చి లోపలికి పంపుతారు. ఎవరో కాదు, మీరే. పార్టీ ఆఫీసులో దిండుకి ఆనుకుని కూర్చునే పెద్దమనుషులారా, మీరే. పెళ్ళాం పేరు మీద నామినేషన్ వేయించి, ఆ పెళ్ళాన్ని ప్రచారం జీపు దిగనివ్వని మొగుళ్ళారా, మీరే. కొంటా ఊళ్ళో ఊర్మిలకి జరిగింది చెబుతాను. విన్నాక కాదనండి చూద్దాం.

ఆ పొద్దున ఊర్మిల చాయ్ కాస్తోంది. ముందు గదిలో పార్టీ బ్లాక్ అధ్యక్షుడు నరసింహులు, ఆయన వెంట వచ్చిన మనుషులు కూర్చున్నారు. నగర పంచాయతీలో తమ వార్డు టికెట్టు ఎవరికివ్వాలో తేల్చడానికి వచ్చారు. తేల్చడానికేముంది, కొత్త లాల్చీ తొడుక్కుని మరిది భానుప్రసాద్ మధ్యలో కూర్చునే ఉన్నాడు. భాను మూడుసార్లు నిలబడ్డాడు, మూడుసార్లూ ఓడాడు. ఓడినకొద్దీ పెద్దవాడయ్యాడు. మొదటిసారి ఓడితే అనుభవం వచ్చిందన్నారు. రెండోసారి వెన్నుపోటు అన్నారు. మూడోసారి ఓడాక బజారంతా నేతాజీ అని పిలవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఠాణాకి పోతే కుర్చీ వేస్తున్నారు.

ఊర్మిల నిలబడింది ఒక్కసారి. పోయినసారి రిజర్వేషన్ల చీటీ తీస్తే ఆ వార్డు మహిళలకి వచ్చింది. భాను నిలబడటానికి లేదు, సీటు బయటివాళ్ళకి వదలడానికి మనసు రాలేదు, అందుకని ఆమెని నిలబెట్టారు. నిలబడతావా అని అడగలేదు. "సంతకం పెట్టు, మిగతాది మేం చూసుకుంటం" అన్నాడు మొగుడు చక్రధరరావు. పోస్టరు నిండా చేతులు జోడించిన చక్రధరరావే. పక్కన భాను. కింద మూలన, నెత్తిన కొంగుతో, తపాలా బిళ్ళంత ఊర్మిల. అయినా ఆమెకి అందులో ఏదో రుచి దొరికింది. ఒకరోజు మగవాళ్ళు భోజనాలకి కూర్చున్నప్పుడు ఒక్కతే జీపు దిగి దోర్ల గిరిజనులుండే వాడకి, దోర్లవాళ్ళ పారాకి, పోయింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళతో, మొగుడి దుకాణానికి వచ్చేవాళ్ళ దగ్గర నేర్చుకున్న దోర్లీ భాషలో, నీళ్ళ గురించి గంటసేపు మాట్లాడింది. పెళ్ళయ్యాక అంతసేపు తన మాట ఎవరైనా విన్నది అదే మొదలు. గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చింది, లోపల మాత్రం పండగ. "పారాలల్ల తిరిగితే ఓట్లొస్తయా? జీపు మీద నిలబడి దండం పెట్టు, చాలు" అన్నాడు మొగుడు. ఓడిపోయింది. ఆ సాయంత్రం అత్త మహాలక్ష్మి గడప దగ్గరే నిలబెట్టి "ఇంటి పేరు బజార్ల పడేసినవు కదే పిల్లా" అంది. "నీ మొహం చూసి ఎవడేస్తడు ఓటు" అన్నాడు మొగుడు. ఆమె పేరున్న బ్యానర్లు దుకాణంలో చింతపండు బస్తాల మీద కప్పారు. ఓడింది తన మొహమే అని ఊర్మిల నమ్మింది. అయిదేళ్ళు అట్లాగే నమ్మి, ఆ బ్యానర్ల పక్కనుంచే నడిచింది. అందరి మాటలకన్నా, ఆ నమ్మడమే చేదు.

చక్కెర అయిపోయింది. తేవడానికి ఇంటిముందు దుకాణంలోకి వచ్చింది. మెట్ల మీద, అమ్మడానికి తెచ్చిన చింతపండు గంప పెట్టుకుని పారా మనిషి పొజ్జే కూర్చుని ఉంది. చక్రధరరావుని పారావాళ్ళు సేఠ్ అంటారు.

"అక్కా, నువ్వు తూస్తవా? సేఠ్ తూస్తే నేను పోత."

"ఎందుకే?"

"సేఠ్ కాటా తింటది అక్కా. గంపెడు పెడితే అరగంపే చూపిస్తది. అందుకే పోయినసారి సేఠ్‌కి మా పారా వోళ్ళం ఒక్కరం కూడా ఓటెయ్యలే."

"సేఠ్ ఎక్కడ నిలబడిండు? నిలబడింది నేను."

పొజ్జే కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నువ్వా! గోడల మీద అంత సేఠ్ బొమ్మే ఉండె గదా! నల్లా కాడికి వచ్చినవ్, మంచిగ మాట్లాడినవ్. పాపం, పెనిమిటికి ఓటడగనీకి పంపిన్రు అనుకున్నం. నువ్వని తెలిస్తే పారా అంత నీకే వేస్తుంటిమి."

ఊర్మిల షెల్ఫులోంచి సీలు తియ్యని కిలో ఉప్పు ప్యాకెట్టు తీసి కాటా మీద పెట్టింది. అంకెలు పైకి పోయి కిలోకి ఎక్కడో కింద ఆగిపోయాయి. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టింది. అక్కడే ఆగాయి. ఓడింది మొగుడి కాటానా! వీడి దొంగ తూకానికి పారా అంతా తీర్పు చెబితే, ఆ తీర్పు తన నెత్తిన కట్టి, అయిదేళ్ళు తలొంచుకుని తిరగమన్నారా! లోపల మంట లేచింది. అప్పటిదాకా ఎక్కడ దాక్కుందో తెలియని మంట.

లోపలినుంచి భాను కేక: "ఏంది వదినా, చాయ్ ఆకు తెంపనీకి అస్సాం పోయినవా?" అందరూ నవ్వారు.

ఊర్మిల ముందు గదిలోకి వచ్చింది. చేతిలో ట్రే లేదు.

"కూసో అమ్మా," అన్నాడు నరసింహులు, కుర్చీ చూపకుండానే. "ఈసారి వార్డు అందరికీ ఓపెన్. నీకు తిప్పలు తప్పినయ్."

"నాకు తిప్పలని నేను చెప్పిన్నా?"

"లోపలికి పో" అన్నాడు చక్రధరరావు.

"పోను. పోయినసారి నేను ఓడలే. నీ కాటా ఓడింది. బయట పొజ్జే కూసున్నది, పిలువు, అందరి ముందు చెప్తది." చక్రధరరావు మొహం నల్లబడింది. ఆమె నరసింహులు వైపు తిరిగింది. "భాను మూడుసార్లు ఓడినా ఇంటికొచ్చి మళ్ళ నిలబడమంటున్నరు. ఈ కొంటాల, పక్క ఊర్లు మరైగూడల, భేజ్జిల, ఓడిన ఆడోళ్ళు ఎంతమంది లేరు? ఒక్కదాని గడపన్నా తొక్కిన్రా?"

నరసింహులు గొంతు సవరించుకున్నాడు. "వాళ్ళే వద్దంటరమ్మా. ఆడోళ్ళకి పట్టుదల తక్కువ."

"పట్టుదలా? ఓడి వచ్చిన ప్రతిసారి భానుకి వేడన్నం పెట్టిందెవరు? మీ అందరికి చాయ్‌లు పోసి 'ఈసారి గెలుస్తవ్' అని మీతోని భానుకి చెప్పించిందెవరు? ఆ పట్టుదల నా పొయ్యి మీద ఉడికింది. నేను ఓడి వచ్చిననాడు నాకెవరు పెట్టిన్రు ఒక ముద్ద?"

"వదినా, ఇది నా నాలుగో..." అని మొదలుపెట్టాడు భాను.

"నువ్వు ఆగు. నరసింహులు గారూ, టికెట్టు మీరిస్తే మీ గుర్తు మీద నిలబడత. ఇయ్యకపోతే పొజ్జేతోని నా పేరు ప్రతిపాదన చేయించి, స్వతంత్రంగ నిలబడత. ఎట్లయినా నిలబడుడు ఖాయం. మీ పని మీరు చేయండి. ఓడిన ప్రతి ఆడదాని ఇంటికి పోయి మళ్ళ నిలబడతవా అని అడగండి. పెనిమిటిని కాదు, మామను కాదు, దాన్నే అడగండి. మొదలు నన్ను అడగండి. ఇక్కడ, ఇప్పుడు, ఈయన ముందే. అడగండి!"