ఉప్పు వండే ఒగేరి

కుండలో నీళ్ళు ఇగిరి, అడుగున ఉప్పు చిటపటలాడడం మొదలుపెట్టింది. ఒగేరి ఒక కట్టె వెనక్కి లాగి మంట తగ్గించింది. పక్కనున్న మట్టి తొట్టిలోంచి ఉప్పు మడుగు నీరు వడపోతై చుక్కచుక్కగా మూకుడులోకి దిగుతోంది. అందులో వేలు ముంచి నాలుకకు తగిలించుకుని, ఉప్పదనం ఇంకా చాలదన్నట్టు తల ఊపింది.

యాభై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి పొగ తగిలి కనుబొమలు మాడిపోయాయి. కళ్ళు ఎప్పుడూ ఏడ్చి లేచినట్టే ఉంటాయి. అరచేతుల పగుళ్ళలో ఉప్పు చేరి తెల్లని గీతలు కట్టింది. ఈమధ్య కాళ్ళు వాచాయి. నొక్కితే గుంట పడి, చాలాసేపు అలాగే ఉంటోంది. ఎవరైనా వస్తే గుడ్డ కిందికి లాక్కుని ఆ కాళ్ళు కప్పుకునేది.

ఓడల్లో తెల్లటి ఉప్పు దిగే రోజుల్లో మడుగు ఉప్పుని అడిగేవాళ్ళు లేరు. బూడిదలా ఉందని వెక్కిరించేవారు. తూర్పు ప్రాంతం బియాఫ్రా అని పేరు పెట్టుకుని వేరే దేశమైంది. మిగతా దేశం యుద్ధానికి దిగి ఓడల్ని ఆపేసింది; ఇక మడుగు ఉప్పే దిక్కైంది. అప్పటినుంచి యుద్ధం ఎందాకా వచ్చిందో మడుగు దగ్గరికి వచ్చే మనుషుల్ని చూసే ఒగేరి తెలుసుకునేది. మొదట కార్లలో వర్తకులు వచ్చారు. ఎనుగు పట్నం శత్రువుల చేతికి పోయాక పరుపులు నెత్తిన పెట్టుకుని కుటుంబాలు వచ్చాయి. ఆ తర్వాత పొట్టలుబ్బి, జుట్టు ఎర్రబడిన పిల్లలు. చిటికెడు ఉప్పు నాలుక మీద వేస్తారేమోనని నోళ్ళు తెరుచుకుని నిలబడేవారు. మగవాళ్ళు దిగకూడని మడుగులోకి ఈ ఏడాది సైనికులు బూట్లతో దిగి, ఇనప డ్రమ్ముల్లో నీళ్ళు కాచుకుపోయారు. ముసలమ్మలు ముఖాలు తిప్పుకున్నారు.

ఆమె మొగుడు ఉత్తరాదిలో రైలు పనికి పోయి, యుద్ధానికి ముందు అక్కడ తూర్పువాళ్ళని ఊచకోత కోసినప్పుడు పోయాడు. ఒక్కగానొక్క కొడుకు ఎలెచి కర్ర తుపాకీతో కవాతు నేర్చుకుని, పాడుకుంటూ లారీ ఎక్కాడు.

చిన్న సవతి అలు కాల్చిన చేమదుంప తెచ్చి చేతిలో పెట్టింది.

"తిను అక్కా. మళ్ళీ నా పిల్లలకి పెట్టావంటే ఊరుకోను."

"నీ పిల్లలేంటే? నాకు కారా?"

"నీ పిల్లలే. అయినా తిను."

కొండల అవతల దబ్బుమని మోగింది. ఇద్దరూ ఆకాశం వైపు చూడలేదు. వానల్లేని ఈ నెలల్లో ఉరుములుండవు; అవి ఫిరంగులే.

"రేడియోలో మనమే గెలుస్తున్నామంట," అంది అలు. "గెలిచేవాళ్ళు ఇటెందుకు పరిగెత్తుకొస్తున్నారో మరి."

మధ్యాహ్నానికి వెనక్కి తగ్గిన బియాఫ్రా సైనికులు రానే వచ్చారు. కొందరికి బూట్లు లేవు. ఒకడు తుపాకీని చేతికర్రలా ఊనుకుని నడుస్తున్నాడు. సాయంత్రంలోగా ఊరు ఖాళీ చేయాలని దండోరా వేశారు. నెరిసిన గడ్డంతో ఒక సైనికుడు కుండ దగ్గర ఆగి చెయ్యి చాపాడు. ఒగేరి గరిటెడు ఉప్పు పోసి, వచ్చిన ప్రతి సైనికుణ్ణీ అడిగే మాటే అడిగింది.

"మా ఎలెచి కనబడ్డాడా నాయనా? పొడుగ్గా ఉంటాడు. ముందు పళ్ళ మధ్య సందుంటుంది."

ఇన్నాళ్ళూ అందరూ చూశామనే చెప్పారు. ఒకడు ఒనిచాలో చూశానన్నాడు. అదే వారం ఇంకొకడు ఎంతో దూరాన కలబార్‌లో చూశానన్నాడు. రెండూ అబద్ధాలని ఆమెకు తెలుసు. తెలిసీ ఇద్దరికీ చారెడు ఎక్కువే పోసింది.

"ఏ లారీలో వెళ్ళాడమ్మా?" అన్నాడు ఇతను.

"ఎనుగు పోకముందు, బడి దగ్గర్నుంచి వెళ్ళిన లారీలో."

అతను ఉప్పు జేబులో పోసుకోబోయి ఆగాడు. "ఆ పిల్లల్ని సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర కందకాల్లో పెట్టారమ్మా. నేనూ అక్కడే ఉన్నాను. ఎవరూ మిగల్లేదు. ఇక వాడి కోసం కూర్చోకు."

ఒగేరి అతని ముఖంలోకి చూసింది. "నీకు తల్లి ఉందా?"

"ఉందో లేదో తెలీదమ్మా."

ఇంకో గరిటెడు పోసింది. అతను వెళ్ళిపోయాడు. కుండలో ఉప్పు మాడిన వాసన వస్తున్నా ఆమె కదల్లేదు. అలు వచ్చి మంట ఆర్పింది.

"లే అక్కా. పిల్లలు దారి పట్టారు."

"వాడొస్తే ఇంట్లో ఎవరుంటారే?"

అలు దగ్గరికి జరిగింది. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. చాలాసేపటికి ఒగేరి తనంతట తానే లేచింది. పెరట్లో అరటాకు ఒకటి కోసి, మెలిపెట్టి నెత్తికి చుట్టకుదురు చేసుకుంది. తడి ఆరని ఉప్పంతా బుట్టకెత్తి నెత్తిన పెట్టుకుంది.

దారి నిండా జనం. మేకలు, కుట్టు మిషన్లు, వీపున కట్టుకున్న ముసలివాళ్ళు. బుట్టలోంచి కారిన ఉప్పునీరు ఒగేరి చెంపల మీదుగా దిగుతోంది. ఆమె తుడుచుకోవడం లేదు. కొండ మలుపు దగ్గర చెట్టు మొదట్లో బుట్ట దించి, చతికిలబడింది.

"నువ్వు నడు. పిల్లలు తప్పిపోతారు. కాస్త కాళ్ళు చాపుకుని వస్తా."

అలు వెళ్ళి, కూతుళ్ళిద్దర్నీ ఎరిగినవాళ్ళకి అప్పగించి తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. ఒగేరి చెట్టుకు ఆనుకునే ఉంది. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. ఈగలు వాలుతున్నా రెప్ప కదలడం లేదు. అలు ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. గుడ్డ కిందికి లాగి కాళ్ళు కప్పింది. తవ్వడానికి పార లేదు, ఆగడానికి వేళ లేదు. చిన్నగా, తనకు మాత్రమే వినబడేలా ఏడ్చింది.

దారిన పోయేవాళ్ళు బుట్ట వైపు చూస్తున్నారు. అలు ముఖం తుడుచుకుని బుట్టెత్తి నెత్తిన పెట్టుకుంది. తొందరలో బుట్ట కింద కుదురేమీ పెట్టుకోలేదు. వెదురు తలకు గుచ్చుకుంటున్నా వెనక్కి చూడకుండా నడిచింది.

చెట్టు కింద, ఒగేరి చేతి పక్కన ఎర్రమట్టిలో, అరటాకు చుట్టకుదురు పడి ఉంది. ఇంకా పచ్చగానే ఉంది. నడుమ బరువుకు నలిగిన చోట తడి మెరుస్తోంది.