బొంత కింది కారు

ఉప్పల్ రింగురోడ్డు మీద కారు సామాన్లు అమ్మే దుకాణాయన పాలిష్ డబ్బా చేతిలో పెడుతూ ఒక్క మాటే చెప్పాడు. "మెత్తటి పాత నూలుగుడ్డతోని రుద్దున్రి సార్. కుట్టు ఉండొద్దు, కొత్త గుడ్డ అసలే వద్దు."

పాత గుడ్డకేం కొదవ అనుకున్నాడు బసవరాజు. నాచారంలోని ఇంటికొచ్చి వెతికితే తెలిసింది, దాచే మనిషి లేని ఇంట్లో పాత గుడ్డలు కూడా ఉండవని.

పక్కింటి ఏలియా కూతురు దోర్కా పెండ్లి ఎల్లుండే, మౌలాలి దగ్గరి చర్చిలో. పోయిన వారం ఆ పిల్లే వచ్చి గడపలో నిలబడింది.

"పెద్దనాయినా, నా చిన్నప్పుడు పెద్దమ్మ ఒక మాటిచ్చింది, యాదికున్నదా? నా పెండ్లికి మీ కార్లనే తోల్కపోతమన్నది."

"ఊకో బిడ్డా," అన్నాడు వెనకనుంచి ఏలియా. "ఆ బండి వాకిట్లకెళ్లి కదిలి ఏడాదాయె. నూకుకుంట పోవాలె."

"పెండ్లికొడుకుతోని నూకిపిద్దం!" నవ్వింది దోర్కా.

బసవరాజు కూడా నవ్వాడు. భార్య స్వర్ణలత ఇచ్చిన మాట. కాదనడానికి తానెవరు?

ఆమె పోయినప్పటినుంచి కారు మీద ఆమె కుట్టిన బొంతే ఉంది. పాత చీరలు పొరలుగా పేర్చి, రెండు చలికాలాలు కూర్చుని కుట్టిన పెద్ద బొంత, ఇద్దరికి సరిపోయేది. దాని కింద ఒక్కడే పడుకోలేక, తెచ్చి కారు మీద కప్పాడు. ఎండ తగలకుండా భద్రంగా ఉంటుందనుకున్నాడు.

తీసి చూస్తే ముదురెరుపు రంగు మీద సాలెగూడు పరిచినట్టు సన్నటి గీతలు. ఫ్యాక్టరీల దుమ్ము బొంత కింద చేరింది. గాలి వీచినప్పుడల్లా బొంత కదిలి ఆ దుమ్ముతోనే రంగును గీరింది. తాను అదే ఫ్యాక్టరీల్లో ఒకదానిలో కెమిస్టుగా పనిచేసే మనిషి. అయినా ఈ సంగతి తట్టలేదు.

బొంతను తడిపి దండెం మీద ఆరేసి, కారంతా కడిగాడు. నీళ్లు పోస్తే గీతలు మాయమయ్యాయి, ఆరగానే మళ్లీ తేలాయి. లోతుగా లేవన్నమాట. చేత్తో రుద్దితే పోతాయి. అదే కాస్త ఊరట.

కొత్త బ్యాటరీ వేయించి, వేపనీడలో కారు నిలిపి, తువ్వాలుకు పాలిష్ అద్ది రుద్దాడు. కొత్త గీతలు పడ్డాయి. లుంగీ చింపి రుద్దాడు. అదీ అంతే.

"ఏందన్నా, గీతలు తీస్తున్నవా, పెడుతున్నవా?" గోడ మీదుగా తొంగిచూశాడు ఏలియా.

"గుడ్డ గరుకుగున్నదయ్యా."

"దండెం మీద గంత మెత్తటి నూలు పెట్టుకొని..." అని ఏలియా మధ్యలోనే ఆగిపోయాడు. దండెం మీద ఆరుతున్నది స్వర్ణలత బొంత. "పోనీ తియ్యన్నా. బండి గట్లనే ఉండనీ. పెండ్లిల బండి మొఖం ఎవలు సూస్తరు?"

అని, ఏదో పనున్నట్టు గోడ దిగి వెళ్లిపోయాడు. అలా వెళ్లడం కూడా ఒక దయే అనిపించింది బసవరాజుకు.

బసవరాజు దండెం మీది బొంతను తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక మూల కుట్లు సన్నగా, వరుసగా ఉన్నాయి. ఎదుటి మూలకు పోయేకొద్దీ వెడల్పయ్యాయి. అవి జబ్బు ముదిరాక, చేతులు అదిరేటప్పుడు వేసినవి. ఆమె ఉండుంటే ఏమనేదో అతనికి తెలుసు. "పిల్లకు మాటిచ్చిన కద, ఇంక ఏం సూస్తున్నవు?" అనేది.

సన్నటి కుట్ల వైపునుంచి బ్లేడు పెట్టాడు. ఒక్కో దారం తెంపుతూ సగందాకా వచ్చి, అక్కడ కత్తిరించి ఆపాడు. వెడల్పు కుట్ల సగాన్ని ముట్టలేదు. విప్పిన చీరముక్కల్ని దుమ్ము లేకుండా జాడించి ఆరేశాడు.

మర్నాడు పొద్దున ఆ ముక్కలతో కారు దగ్గర కూర్చున్నాడు. అరచేతంత జాగా, వేలెడు పాలిష్, ముందుకూ వెనక్కూ తేలికగా, గుండ్రంగా తిప్పకుండా. తుడిచి, తల వంచి వాలుగా చూశాడు. అక్కడ సాలెగూడు లేదు. పక్క జాగాకు జరిగాడు. ఆకుపచ్చ చీర, నీలం చీర, పేరు తెలియని పూల చీర, కారు రంగు అంటుకుని ఒక్కొక్కటే ఎర్రబడుతూ వచ్చాయి. భుజం లాగింది. మాట్లాడే మనిషి లేని ఇంట్లో చేతికి పని దొరకడం కూడా మంచిదే అనుకున్నాడు.

పెండ్లిరోజు దోర్కా కారెక్కబోతూ బానెట్ దగ్గర ఆగింది. వంగి అందులో చూసుకుంటూ తలలో పూలు సర్దుకుంది.

"పెద్దనాయినా, నా మొఖం మంచిగ కనవడుతున్నది ఇందుల!"

"ఇగ ఎక్కు తల్లీ, పాస్టరు గారు మనకోసం ఆగరు," అన్నాడు ఏలియా. బసవరాజు వైపు మాత్రం చూడలేకపోయాడు.

సాయంత్రం బసవరాజు ఒక్కడే కారు తోలుకుంటూ వచ్చాడు. వెనకసీటులో నాలుగు మల్లెలు రాలి ఉన్నాయి. వాటిని తియ్యలేదు. అలవాటు కొద్దీ మిగిలిన బొంత తెచ్చి కారు మీద పరిచాడు. పైకప్పుకే చాలలేదు. అటు లాగితే ఇటు, ఇటు లాగితే అటు.

బొంతను మడిచి లోపలికి తీసుకుపోయాడు. చలి మొదలైంది. మంచమ్మీద పడుకుని కప్పుకున్నాడు. మెడనుంచి పాదాలదాకా, ఒక్క మనిషికి సరిగ్గా సరిపోయింది. వెడల్పు కుట్లు గడ్డం కింద తగులుతున్నాయి.