సోమవారం ఆయాసం

మా ఆయన ఏలియాకు పాటంటే ప్రాణం. ఆ పాటను ఏడు నెలలు ఆపించింది నేనే. ఎవరి మీదా నెపం పెట్టను, ఆ అతి తెలివి నాదే.

కొత్తవాడలో మా ఇంట్లోనే మగ్గం. ఆయన జంపఖానాలు నేస్తాడు, నేను నూలు కండెలు చుడతాను. ఆదివారం మగ్గం ముట్టుకోం. చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. ఆయన గొంతు లేస్తే వెనక వరుసలో కునికేవాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవారు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఆయనకు ఆయాసం మొదలైంది. సోమవారం మగ్గం దగ్గర కూర్చున్న కాసేపటికే ఛాతీ పట్టేసేది, గొంతులో పిల్లికూతలు. మంగళవారానికి కాస్త నయం, శనివారానికి మనిషి మామూలే. ఆదివారం పాట, సోమవారం ఆయాసం. ఇంకేం కావాలి నాకు? పాటే ఊపిరి తీసేస్తోందని తేల్చేశాను. ఇక పాడనని నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. చల్లగాలి తగలకూడదని మగ్గం గది కిటికీలు కూడా బిగించాను.

ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చర్చిలో పాటల పుస్తకం తెరిచి, నోరు మూసుకుని నిలబడేవాడు. అయినా సోమవారాలు మాత్రం తగ్గలేదు, ఇంకా ముదిరాయి.

ఒకరోజు పక్కింటి జన్నత్ బీ వచ్చి మొగుడు వలీని తిట్టడం మొదలుపెట్టింది. వలీ కూడా నేతపనివాడే. వాళ్లకు శుక్రవారం సెలవు. ప్రతి శనివారం అతనికి ఆయాసమట. జుమ్మా రోజు చన్నీళ్ల స్నానమే దానికి కారణమని ఆమె ఆ స్నానం మాన్పించిందట. నా చేతిలో కండె ఆగిపోయింది. వలీ పాటలు పాడతాడా అని అడిగాను.

"ఆయన గొంతు ఇంటె మేకలు బెదురుతయ్. ఏం పాడుతడక్కా?" అంది.

పాట లేదు, ఆయాసం ఉంది. సెలవు మర్నాడు అక్కడా ఇక్కడా ఒకటే తంతు. ఇద్దరం ఇద్దరు మొగుళ్లనూ దవాఖానకు లాక్కుపోయాం.

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాల్లోకి పోయి వాటిని బిగించేస్తుందట. సెలవు రోజు అవి తేరుకుంటాయి, మళ్లీ దుమ్ము తగిలిన మొదటి రోజు గట్టిగా బిగుసుకుంటాయి. గోలీలు రాసి, కిటికీలు తెరవమన్నాడు. నేల తడిపి ఊడవాలి, ముక్కూ నోరూ మూసేలా గుడ్డ కట్టుకోవాలి. పాట సంగతి భయం భయంగా అడిగాను. నవ్వి, నిక్షేపంగా పాడుకోమన్నాడు.

దారిలో నా కోపమంతా ఆయన మీదికే మళ్లింది.

"ఏడు నెలలు సప్పుడు జెయ్యకుంట ఉన్నవ్. పాటతోని కాదని ఒక్కపారన్న నాతోని లడాయి పెట్టుకోకపోతివి?"

ఆయన తల వంచుకుని నడుస్తూనే చెప్పాడు.

"నేను పాడుతాంటె నాకేమైతదోనని నువ్వు ఆడోళ్ల వరుసల ఊపిరి బిగవట్టుకొని కూసునేదానివే మార్తా. అది సూసుడు నాతోని కాలే."

ఆ మాటకు నడిరోడ్డు మీదే ఏడ్చేశాను. నా అంత మూర్ఖురాలు ఈ వాడలో లేదు, ఆయన అంత మంచివాడూ లేడు.

మరుసటి ఆదివారం ఆయన పాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో ఊపిరి చాలక ఆగాడు. నా గొంతు వలీ గొంతుకేమీ తీసిపోదు, పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో పాడి ఎరగను. అయినా లేచి నిలబడి ఆ చరణం అందుకున్నాను. ఆయన ఊపిరి తీసుకుని నాతో కలిసేదాకా ఆపలేదు.