సిటీ చీటీ

కూర్మన్నపాలెం దుర్గారావు గారి అమ్మాయి హేమశ్రీ కిందటేడు నీట్ రాసి నీట మునిగింది. మునగడానికి పెద్ద లోతు కూడా లేదు. ఒకే ఒక్క ప్రశ్న లోతు. కప్ప గుండెలో ఎన్ని గదులు అని. మూడు అని హేమశ్రీకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. తలకు తెలిసిన సంగతి చేతికి తెలియలేదు. అది వెళ్ళి నాలుగు దగ్గరున్న గుండ్రాన్ని నున్నగా, నల్లగా నింపేసింది. దాంతో సీటు కప్పలా ఒక్క గెంతు గెంతి పక్కవాళ్ళ ఒళ్ళో పడింది.

అక్కడితో ఆగితే అది ఒక ఇంటి ఏడుపు. కానీ దుర్గారావు పనిచేసేది స్టీల్ ప్లాంటులో, తీగలు లాగే మిల్లులో. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మెను మైళ్ళ పొడుగు తీగగా సాగదీయడం ఆయన ఉద్యోగం. డ్యూటీ దిగాక అదే పని మాటలతో చేస్తాడు. ఫలితాలు రాకుండానే "మా గుంట డాక్టరైపోనాది బావా" అంటూ షిఫ్టు మొత్తానికి మాడుగుల హల్వా పంచాడు. ర్యాంకు రాకముందే రంకె వేశాడన్నమాట. తీరా ఫలితాలొచ్చాక మాడుగుల హల్వా జనానికీ, మాడు మొహం హేమశ్రీకీ మిగిలాయి. హల్వా తిన్నవాళ్ళే వేళ్ళు నాక్కుంటూ, "పేరులోనే 'రావు' ఉన్నాది. మార్కులెలాగొస్తాయి? రావు!" అని తేల్చేశారు.

ఆ తర్వాత హేమశ్రీ పాల ప్యాకెట్టుకి వెళ్ళినా ప్రశ్నపత్రమే. "ఏటమ్మా, ఎంతొచ్చినాయి?" గ్యాస్ బండ తెచ్చినవాడు కూడా బండ దించకుండా అదే అడిగాడు. నెల రోజులు భరించి, ఒక సాయంత్రం తండ్రి ముందు కూర్చుంది.

"నాన్నా, మళ్ళీ రాస్తాను."

దుర్గారావు టీ గ్లాసు కింద పెట్టాడు. "రాయి. అయితే ఇదే ఆఖరు. ఈసారి కూడా రాకపోతే మధురవాడలో బీటెక్కులో సేరిపోవాల."

"చేరతాను. కానీ నాదీ ఒక షరతు. మళ్ళీ రాస్తన్నానని ఒక్కరికి కూడా చెప్పకూడదు. సీటు కాగితం చేతికొచ్చేదాకా మన గుమ్మం దాటకూడదు మాట."

దుర్గారావు కూతురి తలమీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. హేమశ్రీ తల్లి పైడితల్లి తన ఒట్టు దేవుడి పటం మీద వేసింది. నాయనమ్మ తవిటమ్మ మాత్రం, "నానెవులికి సెప్తానే? నాకు తెలిసినోళ్ళెవులున్నారు?" అంది. చేతిలో ఫోనుంది, ఫోనులో ఆడపడుచు నెంబరుంది. ఒట్టు మాత్రం లేదు. అది ఎవరూ గమనించలేదు.

కాబట్టి కాలనీకి హేమశ్రీ 'డిగ్రీ సదువుతంది'. నిజానికి రోజూ బస్సెక్కి మద్దిలపాలెంలో కోచింగుకు వెళ్తోంది. దాన్ని లాంగ్ టర్మ్ అంటారు గానీ, అది లొంగదీసే టర్మ్. అక్కడ చేరాకే ఆమెకు బయాలజీ అనే మాట ఎలా పుట్టిందో అర్థమైంది. భయం, అలజడి అనే రెండు మాటలకు సంధి జరిగితే బయాలజీ. పక్కింటి శ్రీనివాసరావు గారు, గోదావరి జిల్లా నుంచి వచ్చి ప్లాంటులో పాతికేళ్ళుగా ఉన్నాయన, ఓ రోజు గేటు దగ్గర ఆపి, "డిగ్రీలో ఏం గ్రూపమ్మా?" అని అడిగితే, అలవాటులో "ఓ పాజిటివ్ అంకుల్" అనేసింది. ఆయన "మంచి గ్రూపేనమ్మా, ఉద్యోగాలు బాగుంటాయి" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు గండం గడిచింది.

అలా పది నెలలు నోళ్ళు మూతపడే ఉన్నాయి. పరీక్ష ఇంకో పది రోజులుందనగా దుర్గారావు ఒక కాగితం ప్రింటు తీయించుకుని వచ్చాడు. పరీక్ష ఏ నగరంలో రాయాలో చెప్పే చీటీ అది. హాలు టికెట్టుకు ముందు వస్తుంది. గుమ్మంలో చిక్కుడుకాయలు వలుస్తున్న తవిటమ్మ తలెత్తింది.

"ఏట్రా అది?"

"సిటీ చీటీ అమ్మా."

"ఏ సిటీ?"

"మనదే. వైజాగే."

"మంచిదే. గుంట దూరం ఎల్లక్కర్లేదు."

హేమశ్రీ ఆ కాగితాన్ని పుస్తకంలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. తవిటమ్మ చిక్కుళ్ళ చేట పక్కన పెట్టి ఫోను తీసింది. మద్దిలపాలెంలో ఉన్న ఆడపడుచు వరహాలమ్మకు ఫోను చేస్తే అది బయటివాళ్ళకు చెప్పినట్టు కాదని ఆవిడ నమ్మకం. పైగా తవిటమ్మ నోట్లో 'చ' పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ లేదు. చేప సేపే, చెయ్యి సెయ్యే, చీటీ సీటీయే.

"ఓలమ్మ వరాలూ, మన గుంటకి సిటీ సీటీ వొచ్చిందే. ఇక్కడే, వైజాగే!"

వరహాలమ్మకు ఎడమ చెవి కొంచెం బరువు. ఫోను పెట్టుకునేది ఎడమ చెవికే. ఆవిడకు వినిపించినది: సిటీ సీటు వచ్చింది, వైజాగులోనే! వరహాలమ్మ కొడుకు దేవీప్రసాద్‌కి మద్దిలపాలెంలో ఫ్లెక్సీలు అచ్చేసే షాపుంది. ఇక చెప్పేదేముంది.

మర్నాడు సాయంత్రం హేమశ్రీ కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సు దిగింది. దిగుతూనే తనను తాను చూసుకుంది. పన్నెండడుగుల ఎత్తున, తెల్లకోటు తొడుక్కుని, మెడలో స్టెతస్కోపు వేసుకుని, రెండు చేతులూ కట్టుకుని నవ్వుతోంది. ముఖం మేనమామ కూతురి పెళ్ళి ఫోటోలోది కావడంతో డాక్టరమ్మ నుదుటిమీద బాసికంలాంటి పాపిడిబిళ్ళ కూడా ఉంది. కింద బారెడు అక్షరాలు: 'సిటీలో డాక్టర్ సీటు సాధించిన మా ఉక్కు బిడ్డ హేమశ్రీకి శుభాకాంక్షలు'. ఇంకా కింద వరసగా పదిహేను మంది బంధువుల తలకాయలు. అందులో సగం మందికి హేమశ్రీ ఎవరో తెలియదు.

ఇంటికి వెళ్ళే సందులోనే ముగ్గురు అభినందించారు. ఒకామె నాలుక చాపి చూపించింది. శ్రీనివాసరావు గారైతే పంచె మోకాలి పైకి ఎత్తి గేటుకడ్డంగా నిలబడ్డారు.

"మా దగ్గర దాచేశావు గదమ్మా! ఇదిగో ఈ మోకాలు, మెట్లెక్కితే కిర్రుమంటాదండీ. ఏం చెయ్యమంటావు?"

హేమశ్రీకి మోకాలంటే పుస్తకంలో బొమ్మ. "అది తలుపు బందులాంటి కీలు అంకుల్... నూనె రాయండి" అని ఎలాగో తప్పించుకుంది.

ఇంట్లో దుర్గారావు కొత్త చొక్కాలో ఉన్నాడు. ఆ చొక్కా చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

"నాన్నా, నీకు ముందే తెలుసా?"

"ఆరు గంటల షిఫ్టుకే తెలిసింది అమ్మీ."

"మరి కాదని చెప్పలేదా?"

"సెప్దామనే నోరు తెరిసినాను. తెరిసిన నోట్లో ఎవుడో జిలేబీ పెట్టీసినాడు." దుర్గారావు కూతురి కళ్ళలోకి చూడలేక గోడ మీది క్యాలెండరు చూశాడు. "కిందటేడు నా మొహం సూసి నవ్వినోళ్ళే ఈయాల సెయ్యి కలిపినారమ్మా. ఒక్క రోజు... ఒక్క రోజుకి ఊరుకున్నాను. అయినా నువ్వు ఎలాగూ రాసీసి, సీటు కొట్టీసినావనుకో, అబద్ధం దానంతటదే నిజమైపోద్ది."

"కొట్టకపోతే?"

దుర్గారావు క్యాలెండరులో ఒక పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాడు.

అంతలో దేవీప్రసాద్ బండి వేసుకుని వచ్చాడు. "బావా! ఆదివారం సాయంత్రం సన్మానం. షామియానా సెప్పీసినాను, మైకు సెప్పీసినాను. కోడలు పిల్లా, నువ్వు శాలువా కప్పించుకుంటే సాలు."

హేమశ్రీ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పుస్తకం తీసింది. కప్ప గుండె బొమ్మ వచ్చింది. మూడు గదులూ ఆమె వైపే చూస్తున్నాయి. చదివింది చదివినట్టే జారిపోతోంది. ప్రతి పేజీలోనూ పన్నెండడుగుల అమ్మాయి చేతులు కట్టుకుని నవ్వుతోంది. ఇలాగే ఉంటే ఈసారి ఒక్క ప్రశ్న కాదు, పరీక్షే పోతుంది. పోతే మధురవాడ. అది కూడా కాదు ఆమె భయం. ఆ ఫ్లెక్సీ కింద నిలబడి రోజూ బస్సెక్కి మధురవాడ వెళ్ళాలి.

శనివారమంతా ఒక్క లెక్క కూడా తెగలేదు. ఆదివారం ఉదయానికి మాత్రం ఒకటి తెగింది: ఆమె బెరుకు.

సాయంత్రం షామియానా కింద వందమంది. ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో వరహాలమ్మ పట్టుచీరలో. దేవీప్రసాద్ శాలువా విప్పుతుండగానే హేమశ్రీ మైకు లాక్కుంది. మైకు కీచుమంది.

"నాకు సీటు రాలేదు."

జిలేబీలు నములుతున్న వంద దవడలు ఆగాయి.

"వచ్చింది చీటీ. పరీక్ష ఏ ఊళ్ళో రాయాలో చెప్పే చీటీ. పరీక్ష వచ్చే ఆదివారం. కిందటేడు పోయింది. మీరు అడుగుతారన్న భయంతో ఏడాదంతా డిగ్రీ అని అబద్ధం చెప్పాను. ఈసారి కూడా పోవచ్చు. పోతే నేనే వచ్చి చెప్తాను. దయచేసి ఎవరూ అడక్కండి."

అందరూ వరహాలమ్మ వైపు తిరిగారు. వరహాలమ్మ తవిటమ్మ వైపు తిరిగింది.

"వదినా, నువ్వు సీటన్నావు!"

"నానా? సీటీ అన్నాను!"

"సీటే అన్నావు!"

"సీటీ! కాయితం ముక్క! నీకు సెవుడు!"

"నాకు సెవుడేటి, నీకు నోరు తిరగదు!"

శ్రీనివాసరావు గారు మోకాలు పట్టుకుని లేచారు. "ఆగండాగండి. తవిటమ్మగారూ, ఓసారి 'చ' అనండి."

"స."

"'చ' అండీ. చక్రంలో చ."

"సక్రంలో స."

"పోనీ చీమ అనండి."

"సీమ."

"ఆయ్, చీమని సీమంటే రాయలసీమ ఏవైపోవాలండీ?"

"అది మీ గోదారోళ్ళ గొడవ బాబూ. మా సీమ ఎలగ పలికినా కుడతాది."

ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ షామియానా గుడ్డ కదిలేలా నవ్వారు. ఏడాదిలో మొదటిసారి హేమశ్రీ కూడా పగలబడి నవ్వింది. దుర్గారావు మాత్రం నవ్వలేదు. మైకు తీసుకుని, ఎప్పుడూ సాగదీసే మనిషి, ఈసారి పొట్టిగా మాట్లాడాడు.

"తప్పు నాది. మా మిల్లులో ఒక్కోసారి తీగ దారి తప్పి కుప్పైపోద్ది. దాన్ని కోసి, కరగబెట్టి, మళ్ళీ లాగుతాం. ఎంతొచ్చినాయేటని ఆ ఉక్కుని ఎవులూ అడగరు. నా గుంటనీ అడక్కండి."

"మరైతే మా మోకాలో?" అన్నారు శ్రీనివాసరావు గారు.

"ఐదున్నరేళ్ళు ఆగండి అంకుల్."

"ఆగుతానమ్మా. ఎలాగూ నడవలేను."

దేవీప్రసాద్ బుర్ర గోక్కున్నాడు. "మరి ఫ్లెక్సీ ఏటి సేత్తాం బావా? దింపీమంటావా?"

"వద్దు మామయ్యా" అంది హేమశ్రీ. "ఉంచు. ఒక్క మాట మార్చు."

మర్నాటికి 'సాధించిన' మీద తెల్ల కాగితం అంటించి, 'కోసం మళ్ళీ పరీక్ష రాస్తున్న' అని రాసి ఉంది. గెలిచినవాళ్ళకు ఫ్లెక్సీలు కట్టే ఊళ్ళో, మళ్ళీ రాసేవాళ్ళకు ఫ్లెక్సీ కట్టడం ఆ జంక్షన్లో జనం అప్పుడే చూశారు. బస్సులో కండక్టరు టికెట్టు చింపుతూ, "నువ్వే గదేటి ఆ 'మళ్ళీ' అమ్మాయివి? బాగా రాయమ్మా" అన్నాడు. ఆ వారం ఆమె పేరు మల్లి అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరూ మార్కులడగలేదు. సందు చివర పెళ్ళివారు ఆమె చదువు కోసం డీజే ఆపేశారు. చదివింది చదివినట్టు తలలో కూర్చుంది.

పరీక్షలో కప్ప మళ్ళీ వచ్చింది. ఈసారి గుండె అడగలేదు, మెడ గురించి అడిగారు. కప్పకు మెడ ఉండదు. అందుకే దాని మెడలు వంచడం ఎవరివల్లా కాదు. హేమశ్రీ ఒక్క నిమిషం పెన్ను పైకెత్తి పట్టుకుని, తలకూ చేతికీ రాజీ కుదిర్చి, అప్పుడు నింపింది.

ఫలితాలొచ్చాయి, కౌన్సెలింగూ అయింది. దుర్గారావు పెదవి విప్పలేదు. హల్వా డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసుకుని కూర్చున్నాడు. సెప్టెంబరులో సీటు కాగితం వచ్చింది. సిటీలో కాదు, శ్రీకాకుళంలో. కూతురు కాగితం చేతిలో పెడితే నాలుగుసార్లు చదివి, ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "రేపట్నుంచి షిఫ్టులో నన్ను దుర్గావచ్చు అని పిలవమంటాను" అన్నాడు.

తవిటమ్మ అప్పటికే ఫోను తీసింది. గుమ్మంలో కూర్చుని, అవతల ఎడమ చెవి ఉందని గుర్తుపెట్టుకుని, వీధంతా వినేలా అరిచింది.

"వరాలూ! మన హేమకి సీటొచ్చీసిందే! సీటీ కాదు, సీటు! సీటు!"

అవతల వరహాలమ్మ ఆవులించింది.

"అది ఎండాకాలంలోనే సెప్పీసినావు గదా వదినా. కొత్త కబురేదైనా ఉంటే సెప్పు."